రెండు సంఖ్యల ఉమ్మడి సొత్తు



దగ్గర్లో కాగితం, పెన్నూ ఉంటే తీసుకోండి. రెండు సంఖ్యలు చెబుతాను, రాసుకోండి. మొదటిది 8051. ఎనిమిది వేల యాభై ఒకటి. రెండోది 8633. ఎనిమిది వేల ఆరు వందల ముప్ఫై మూడు. వంటింట్లో పనిలో ఉన్నవాళ్లు, బండి నడుపుతున్నవాళ్లు రాయనక్కర్లేదు. ఈ రెండు సంఖ్యలూ ఈ ప్రసంగంలో మళ్లీ మళ్లీ వస్తాయి, వింటుంటే చాలు.

ముందు 8051 సంగతి చూద్దాం. ఇది ఏ సంఖ్యను ఏ సంఖ్యతో గుణిస్తే వచ్చింది? సరిసంఖ్య కాదు కాబట్టి 2తో పోదు. అంకెలన్నీ కూడితే 14 వస్తుంది, అది మూడో ఎక్కంలో లేదు, కాబట్టి 3తో పోదు. చివర సున్నా లేదు, 5 లేదు, కాబట్టి 5తో పోదు. 7తో భాగిస్తే 1 మిగులుతుంది. 11తో భాగిస్తే 10, 13తో భాగిస్తే 4 మిగులుతాయి. ఆ తర్వాత 17, 19, 23, 29... ఇలా ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ పోవాలి. ఎక్కడ తెగుతుందో ముందే చెప్పే ఉపాయం చేతిలో లేదు. ఓపిక ఉన్నవాళ్లకైనా చాలా సేపు పడుతుంది. ఆ తర్వాత 8633తో ఈ పనంతా మళ్లీ మొదటినుంచి చెయ్యాలి.

ఇప్పుడు ప్రశ్న మారుస్తాను. 8051లో ఏముందో వద్దు, 8633లో ఏముందో వద్దు. ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న కారణాంకం ఏదైనా ఉందా? అంత మాత్రం చెబితే చాలు.

వినగానే ఏమనిపిస్తుంది? రెండింటిలో ఏమున్నాయో తెలిస్తేనే కదా ఉమ్మడిగా ఏముందో తెలిసేది అనిపిస్తుంది. రెండు కష్టమైన పనులు పూర్తయ్యాకే ఈ మూడో పని మొదలవ్వాలి అనిపిస్తుంది. కానీ సంఖ్యల విషయంలో అలా కాదు. ఉమ్మడి కారణాంకాన్ని నాలుగే నాలుగు భాగహారాల్లో పట్టుకోవచ్చు. చేసి చూపిస్తాను.

పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. 8633ను 8051తో భాగిస్తే ఒక్కసారి పోయి 582 మిగులుతుంది. ఇప్పుడు పెద్ద సంఖ్యను పక్కన పెట్టేసి, 8051ని ఆ 582తో భాగించండి. పదమూడు సార్లు పోయి 485 మిగులుతుంది. ఇక 582ను 485తో భాగించండి. 97 మిగులుతుంది. ఆఖరుగా 485ను 97తో భాగించండి. అయిదు సార్లు సరిగ్గా పోతుంది, ఏమీ మిగలదు. శేషం సున్నా వచ్చేసరికి దేనితో భాగిస్తున్నామో అదే జవాబు. 8051కీ 8633కీ ఉమ్మడిగా ఉన్న కారణాంకాల్లో అన్నిటికన్నా పెద్దది 97. బడిలో మనం గ.సా.భా. అన్నదీ, ఇప్పటి పిల్లలు గ.సా.కా. అంటున్నదీ ఇదే.

ఎందుకిలా పనిచేస్తుంది? ఒక సంఖ్యతో 8633ను భాగిస్తే శేషం లేదనుకోండి, 8051ని భాగించినా శేషం లేదనుకోండి. అప్పుడు ఆ రెండింటి తేడా అయిన 582ను భాగించినా శేషం ఉండటానికి వీల్లేదు. కాబట్టి పెద్ద జత స్థానంలో చిన్న జతను పెట్టుకున్నా ఉమ్మడి సొత్తులో చిల్లిగవ్వ కూడా పోదు. సంఖ్యలు తరిగిపోతాయి, వాటిమధ్య ఉన్న ఉమ్మడి కారణాంకం చెక్కుచెదరదు. ఎంత చిన్న వాక్యంలో ఎంత బలం ఉందో చూడండి.

ఇంకో విశేషం. 97 చేతికి వచ్చాక 8051ని దానితో భాగించండి, 83 వస్తుంది. 8633ను భాగించండి, 89 వస్తుంది. 83, 89, 97 మూడూ ప్రధాన సంఖ్యలే. విడివిడిగా నిలబడినప్పుడు మనల్ని అంతసేపు తిప్పించిన సంఖ్యలు, పక్కపక్కన నిలబడేసరికి రెండూ ఒకేసారి విడిపోయాయి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. ఒక సంఖ్యను విడగొట్టడం కష్టం, రెండు సంఖ్యల మధ్య ఉమ్మడిని కనిపెట్టడం సులువు. ఈ తేడా ఎంత దూరం పోయిందో, అందులో మన దేశంవాళ్ల చెయ్యి ఎంత ఉందో చెబుతాను.

ప్రధాన సంఖ్య అంటే ఏమిటో ఒకసారి తలుచుకుందాం. 1 కన్నా పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా పోని సంఖ్య ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13 అలాంటివి. 1 కన్నా పెద్దదైన ఏ సంఖ్య అయినా తానే ప్రధానమై ఉంటుంది, లేదా ప్రధాన సంఖ్యల లబ్ధమై ఉంటుంది. అదీ ఒకే ఒక్క విధంగా. 60ని మీరు ఏ దారిలో విడగొట్టినా చివరికి మిగిలేవి రెండు 2లు, ఒక 3, ఒక 5. ఇంకో రకంగా రమ్మంటే రాదు.

ఈ ప్రధాన సంఖ్యలు ఎక్కడైనా అయిపోతాయా? అయిపోవని క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ఎలిమెంట్స్ గ్రంథం తొమ్మిదో భాగంలో నిరూపించాడు. ఆ నిరూపణకు ప్రాణం కూడా ఉమ్మడి కారణాంకమే. పక్కపక్కనున్న రెండు సంఖ్యలకు, 14, 15 అనుకోండి, 99, 100 అనుకోండి, 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు. ఉంటే వాటి తేడా అయిన 1ని కూడా అది భాగించాలి, అది జరగదు. ఇప్పుడు మీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలపండి. 2, 3, 5, 7, 11, 13 గుణిస్తే 30,030. ఒకటి కలిపితే 30,031. పక్కింటి సంఖ్య కాబట్టి దీనికి ఆ ఆరు ప్రధాన సంఖ్యలతో ఏ చుట్టరికమూ ఉండదు. కానీ దీనికీ ప్రధాన కారణాంకాలు ఉండి తీరాలి కదా! ఉన్నాయి. 59, 509. మన జాబితాలో లేనివి. ఏ జాబితా తీసుకున్నా ఇంతే, దాని బయట ఒకటి దొరుకుతుంది. 2024 అక్టోబరులో దొరికిన ప్రధాన సంఖ్య ఇప్పటికి తెలిసినవాటిలోకెల్లా పెద్దది. 2ను 13,62,79,841 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే అది వస్తుంది. దాని అంకెలు లెక్కపెడితే 4 కోట్ల 10 లక్షలు దాటతాయి.

1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని జతను పరస్పర ప్రధాన సంఖ్యలు అంటారు. ఇక్కడ పిల్లలు తడబడతారు. జతలో రెండూ ప్రధాన సంఖ్యలు కానక్కర్లేదు, అసలు ఒక్కటి కూడా కానక్కర్లేదు. 8, 9 తీసుకోండి. 8 ప్రధానం కాదు, 9 ప్రధానం కాదు. కానీ 8లో ఉన్నవన్నీ 2లు, 9లో ఉన్నవన్నీ 3లు. వాటి మధ్య ఉమ్మడి ఏమీ లేదు. అందుకని 8, 9 పరస్పర ప్రధానాలు. ఇది ఒక సంఖ్య గుణం కాదు, జతకు ఉండే గుణం.

సంగీతం వినేవాళ్లకు ఈ గుణం చెవికి తెలుసు. ఆది తాళంలో ఎనిమిది దెబ్బలు. మృదంగ విద్వాంసుడు అయిదు అక్షరాల జతి, తదిగిణతొం, ఎత్తుకున్నాడనుకోండి. లెక్క తేలిగ్గా ఉండటానికి దెబ్బకో అక్షరం అనుకుందాం. మొదటి తదిగిణతొం సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద మొదలవుతుంది. రెండోది ఆరో దెబ్బ మీద, మూడోది తర్వాతి ఆవర్తంలో మూడో దెబ్బ మీద. ఆ పైన ఎనిమిది, అయిదు, రెండు, ఏడు, నాలుగు. అప్పుడు మళ్లీ సమం. ఎనిమిది దెబ్బల్లో ఒక్కదాన్ని కూడా వదలకుండా అన్నిటి మీదా ఒక్కోసారి ఎత్తుగడ పడింది. మొత్తం 40 దెబ్బలు, అయిదు ఆవర్తాలు. అదే ఆరు అక్షరాల జతి అయితే? ఒకటి, ఏడు, అయిదు, మూడు, వెంటనే సమం. 24 దెబ్బల్లో అయిపోయింది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది దెబ్బల మీద ఆ ఎత్తుగడ ఎన్ని గంటలు వాయించినా పడదు. కారణం, 6కీ 8కీ మధ్య ఒక 2 ఉమ్మడిగా ఉంది. 5కీ 8కీ లేదు. అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాల పలుకులు ఆది తాళంలో అంత కుతూహలం ఎందుకు పుట్టిస్తాయంటే నా మట్టుకు నేను ఈ లెక్కే చెబుతాను. సమానికి ఎప్పుడు చేరతాడా అని మనం ఊపిరి బిగబట్టి ఎదురుచూసే ఆ దూరాన్ని నిర్ణయించేది క.సా.గు., కనిష్ఠ సామాన్య గుణిజం. గేర్ల తయారీలోనూ ఇదే నియమం. రెండు పళ్లచక్రాల పళ్ల సంఖ్యలు పరస్పర ప్రధానాలైతే ప్రతి పన్నూ అవతలి చక్రంలోని ప్రతి పన్నునీ తాకుతుంది, అరుగుదల అంతటా సమంగా ఉంటుంది.

అమెరికాలో సికాడాలనే పురుగులున్నాయి. కొన్ని తెగలు 13 ఏళ్లు, కొన్ని 17 ఏళ్లు నేలలో గడిపి, గడువు తీరగానే లక్షలుగా, కోట్లుగా ఒక్కసారి పైకి వచ్చి చెట్లెక్కి రొద పెడతాయి. 13, 17 రెండూ ప్రధాన సంఖ్యలే, కాబట్టి ఒక పదమూడేళ్ల తెగ, ఒక పదిహేడేళ్ల తెగ ఒకే ఏడాది రావాలంటే 221 ఏళ్లు పడుతుంది. 2024 వసంతంలో ఇలినాయ్ రాష్ట్రంలో అలాంటి రెండు పెద్ద తెగలు ఒకే ఏడు పైకి వచ్చాయి. అంతకుముందు అవి అలా వచ్చింది 1803లో. వేటాడే జంతువుల జీవిత చక్రాలతో కలవకుండా తప్పించుకోవడానికే ఈ పురుగులు ప్రధాన సంఖ్యలను ఎంచుకున్నాయని కొందరు శాస్త్రజ్ఞులు అంటారు. అందరూ ఒప్పుకున్న మాట కాదది.

మళ్లీ భాగహారాల దగ్గరికి వద్దాం. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, శేషంతో చిన్నదాన్ని భాగించి, ఇలా శేషాలను వెంటాడే పద్ధతి యూక్లిడ్ గ్రంథం ఏడో భాగం మొదట్లోనే ఉంది. మన దేశంలో 499లో ఆర్యభటుడు ఇదే వరుస భాగహారాన్ని ఇంకో పనికి ఉపయోగించాడు. ఆర్యభటీయం గణితపాదం చివరి రెండు శ్లోకాల్లో చెప్పిన ఆ పద్ధతికి కుట్టకం అని పేరు. గ్రహాలు ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో తిరుగుతాయి. ఇన్ని భ్రమణాలు పూర్తయి ఇంత మిగిలింది అంటే, మొదలుపెట్టి ఎన్ని రోజులైంది? ఈ లెక్క కట్టాలంటే శేషాల నుంచి వెనక్కి నడిచి అసలు సంఖ్యను చేరాలి. ఆర్యభటీయానికి 629లో వ్యాఖ్యానం రాసిన మొదటి భాస్కరుడు ఇచ్చిన ఒక లెక్క వినండి. ఒక సంఖ్యను 8తో భాగిస్తే 5 మిగులుతుంది, 9తో భాగిస్తే 4 మిగులుతుంది, 7తో భాగిస్తే 1 మిగులుతుంది. ఆ సంఖ్య ఏది?

జవాబు 85. పది ఎనిమిదులు 80, అయిదు మిగిలింది. తొమ్మిది తొమ్మిదులు 81, నాలుగు మిగిలింది. పన్నెండు ఏడులు 84, ఒకటి మిగిలింది. సరే, 85 కాక ఇంకోటి ఉందా? 7, 8, 9లలో ఏ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేదు. వాటిని గుణిస్తే 504. అందుకని 504 లోపు 85 తప్ప ఇంకో జవాబు ఉండదు. శేషాలను ఎలా మార్చి ఇచ్చినా, 504 లోపు ఒక జవాబు తప్పకుండా ఉంటుంది, ఒక్కటే ఉంటుంది. ఉమ్మడి ఉన్న సంఖ్యలతో ఈ హామీ దొరకదు. 6తో భాగిస్తే 1, 8తో భాగిస్తే 2 మిగిలే సంఖ్య చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. మొదటి షరతు బేసి సంఖ్య కావాలంటుంది, రెండోది సరిసంఖ్య కావాలంటుంది. 6కీ 8కీ ఉమ్మడిగా ఉన్న ఆ 2 దగ్గరే తగువు వస్తుంది.

తెలుగువాళ్లకు ఈ విద్య పద్యాల్లో అందింది. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, మహావీరాచార్యుడనే జైన గణితవేత్త గణితసారసంగ్రహం రాశాడు. భిన్నాలను కూడాలంటే హారాలన్నిటినీ గుడ్డిగా గుణించుకుంటూ పోకుండా, ఉమ్మడి కారణాంకాలను తీసేసి వాటి క.సా.గు. ఎలా కట్టాలో అందులో సూత్రం ఉంది. దానికి ఆయన పెట్టిన పేరు నిరుద్ధం. ఆ గ్రంథాన్నే 11, 12 శతాబ్దాల నాటి పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. శాస్త్ర విషయం మీద మన భాషలో వచ్చిన తొలి గ్రంథాల్లో అదొకటి. రామాయణ భారతాలతో పాటు గణితాన్ని కూడా తెలుగులో చెప్పుకోవాలని అంత తొలినాళ్లలోనే ఒక కవికి అనిపించింది. తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఉమ్మడి కారణాంకం తెలిస్తే క.సా.గు. కూడా తేలికే. రెండు సంఖ్యలను గుణించి గ.సా.కా.తో భాగిస్తే చాలు. 12కీ 18కీ గ.సా.కా. 6. వాటి లబ్ధం 216. భాగిస్తే 36, అదే క.సా.గు. ఇక్కడా ప్రధాన కారణాంకాల ఊసే అక్కర్లేదు.

అయినా మన బళ్లలో ఏం జరుగుతోంది? గ.సా.కా. అనగానే రెండు సంఖ్యలనూ నిచ్చెన వేసి 2తో, 3తో, 5తో కొట్టుకుంటూ ప్రధాన కారణాంకాలు రాయిస్తాం. భాగహార పద్ధతి కూడా పుస్తకంలో ఉంటుంది, కానీ ఇంకో అడ్డదారి అన్నట్టు ఒక పక్కన ఉంటుంది. చిన్న సంఖ్యలకు రెండు దారులూ ఒకటే కాబట్టి పిల్లలకు తేడా తెలియదు. రెండోది రాజమార్గమనీ, మొదటిది కాస్త దూరం పోగానే ముళ్లలో ఆగిపోయే దారి అనీ ఎవరైనా చెప్పాలి కదా. 2022లో పాఠ్యభారం తగ్గించే క్రమంలో ఎన్‌సీఈఆర్‌టీ తన పదో తరగతి గణితంలోంచి యూక్లిడ్ భాగహార భాగాన్ని తీసేసింది. భారం తగ్గించాలనే ఉద్దేశాన్ని కాదనను. కానీ ఆ పాఠంలో అన్నిటికన్నా విలువైన పేజీలు అవేనని నా గట్టి నమ్మకం. ఉపాధ్యాయులు ఎవరైనా వింటుంటే, సిలబస్‌లో ఉన్నా లేకపోయినా, ఒక్క పీరియడు దీనికి ఇవ్వమని చేతులు జోడించి అడుగుతున్నాను. 8051, 8633 ఇచ్చి, సగం తరగతిని నిచ్చెన పద్ధతిలో, సగం తరగతిని భాగహార పద్ధతిలో చెయ్యమనండి. మిగతాది ఆ పిల్లలే చెబుతారు.

ఈ భాగహారాలు ఎన్ని చెయ్యాల్సి వస్తుంది? 1844లో గాబ్రియేల్ లామే అనే ఫ్రెంచి గణితవేత్త దీనికి హద్దు చెప్పాడు. జతలో చిన్న సంఖ్యకు ఎన్ని అంకెలున్నాయో చూసి, అయిదుతో గుణించండి. అంతకు మించి భాగహారాలు అక్కర్లేదు. నాలుగంకెల సంఖ్య అయితే ఇరవై లోపు. అన్నిటికన్నా ఎక్కువ సతాయించే జతలు ఏవంటే 5, 8; 8, 13; 13, 21 లాంటివి. ముందు రెంటినీ కూడితే తర్వాతది వచ్చే ఆ వరుసను ఫిబొనాచీ సంఖ్యలంటారు. అంతకన్నా ముందే మన ఛందశ్శాస్త్రజ్ఞులు విరహాంకుడు, హేమచంద్రుడు ఇన్ని మాత్రల పాదాన్ని గురువులతో, లఘువులతో ఎన్ని రకాలుగా నింపవచ్చో లెక్కపెడుతూ ఇవే సంఖ్యలను చేరుకున్నారు. నాలుగు మాత్రలకు అయిదు రకాలు, అయిదు మాత్రలకు ఎనిమిది రకాలు. కావాలంటే రాసి చూడండి.

ఇప్పుడు ఒక సరదా పరీక్ష. మీ ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు తీసుకోండి. ఇంట్లో ఇంకొకరి నంబరులో చివరి నాలుగంకెలు తీసుకోండి. ఆ జత పరస్పర ప్రధానం అవుతుందా? రెండూ సరిసంఖ్యలయ్యే అవకాశం నాలుగో వంతు, కాబట్టి 2 ఉమ్మడిగా ఉండకపోయే అవకాశం ముప్పావు. 3 ఉమ్మడిగా ఉండకపోయే అవకాశం తొమ్మిదింట ఎనిమిది. 5కి ఇరవై అయిదింట ఇరవై నాలుగు. 7కి 49లో 48. ప్రధాన సంఖ్యలన్నిటికీ ఇలా గుణించుకుంటూ పోతే ఎక్కడికి చేరతాం? 6ను పై వర్గంతో భాగించిన దగ్గరికి. పై అంటే వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే 3.14159, అదే. జవాబు 0.6079, అంటే నూటికి దాదాపు 61. వృత్తం ఎక్కడ, ఉమ్మడి కారణాంకాలు ఎక్కడ! 1734లో గణితవేత్త ఆయిలర్ కనిపెట్టిన ఒక మొత్తం ఈ రెంటికీ వంతెన కట్టింది. వర్గ సంఖ్యల వ్యుత్క్రమాలను, అంటే 1, నాలుగో వంతు, తొమ్మిదో వంతు, పదహారో వంతు, ఇలా అంతులేకుండా కూడితే పై వర్గంలో ఆరో వంతు వస్తుందని ఆయన చూపించాడు. వీధిలో వాళ్లందరి నంబర్లూ తెచ్చి జతలు కట్టి లెక్కపెడితే, నూటికి అరవై ఒకటికి అటూ ఇటూగా పరస్పర ప్రధానాలు కనబడతాయి. సెలవుల్లో పిల్లలతో చేయించదగిన పని.

జతల నుంచి వరుసలకు వెళదాం. ఇక్కడ మన దక్షిణాది గణితవేత్త ఒకరిని తలుచుకోవాలి, ఎస్.ఎస్. పిళ్లై. 1901లో పుట్టి, అన్నామలై విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశారు. 1950లో అమెరికా వెళుతూ ఈజిప్టులో విమానం కూలి చనిపోయారు. ఆయన వేసుకున్న ప్రశ్న ఇది. వరుసగా కొన్ని సంఖ్యలు తీసుకుంటే, మిగతా అన్నిటితోనూ పరస్పర ప్రధానమైన సంఖ్య వాటిలో ఒక్కటైనా ఉంటుందా? అంటే ఆ గుంపులో ఎవరితోనూ ఏ ఉమ్మడీ లేని ఒంటరి ఒకడైనా ఉంటాడా? 1940 ప్రాంతంలో పిళ్లై నిరూపించింది ఏమంటే, వరుసలో 16 సంఖ్యల వరకూ అయితే తప్పకుండా ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టినా సరే, కోటి దగ్గరైనా, కోటి కోట్ల దగ్గరైనా. 17 సంఖ్యలకు వచ్చేసరికి ఆ హామీ పోతుంది. 2184 నుంచి 2200 వరకు చూడండి. సరిసంఖ్యలన్నీ 2తో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. బేసి సంఖ్యల్లో 2185, 2195 మధ్య 5 ఉంది. 2187, 2193, 2199 మధ్య 3 ఉంది. 2189కి 2200తో 11 ఉమ్మడి. 2191కి 2184తో 7 ఉమ్మడి. 2197 అంటే మూడు పదమూళ్ల లబ్ధం, దానికి 2184తో 13 ఉమ్మడి. పదిహేడింటిలో ఒక్కటీ ఒంటరిగా మిగల్లేదు. పదహారు దాకా తప్పక నిలిచే మాట పదిహేడు దగ్గర ఎందుకు విరిగింది? ఇలాంటివి చూసినప్పుడే సంఖ్యలకు సొంత స్వభావం ఉందనిపిస్తుంది.

ఇక మీ జేబులోకి వద్దాం. ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచినప్పుడు, రైలు టికెట్ కొన్నప్పుడు మీ సమాచారం అందరూ నడిచే దారిలోనే పోతుంది. దాన్ని మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే ఏర్పాట్లలో ఒకదాన్ని 1977లో అమెరికాలోని ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు కనిపెట్టారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్ఎస్ఏ అంటారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను రహస్యంగా ఎంచుకుని, వాటిని గుణించి, ఆ లబ్ధాన్ని మాత్రం అందరికీ చూపిస్తారు. లబ్ధం తెలిసినవాడు దాంతో సమాచారాన్ని తాళం వేసి పంపగలడు. తాళం తియ్యాలంటే మాత్రం ఆ రెండు ప్రధాన సంఖ్యలు తెలియాలి. 8051ని విడగొట్టడానికి మనం పడిన పాట్లు గుర్తున్నాయి కదా, ఇక్కడ అంకెలు వందల్లో ఉంటాయి. వాళ్లు 1977లోనే 129 అంకెల సంఖ్య ఒకటి ప్రకటించి విడగొట్టమని సవాలు విసిరారు. అది విడిపోయింది 1994లో, పదిహేడేళ్ల తర్వాత, వందలాది స్వచ్ఛంద కార్యకర్తలు తమ కంప్యూటర్లను కలిపితే. 250 అంకెలది 2020లో విడిపోయింది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 617 అంకెలవి, ఇంకా పెద్దవి.

2012లో దీనికి పెద్ద కుదుపు వచ్చింది. కాలిఫోర్నియా, మిషిగన్ విశ్వవిద్యాలయాల్లోని నాడియా హెనింగర్ బృందం ఇంటర్నెట్‌లో అందరికీ కనబడే ఆర్ఎస్ఏ సంఖ్యలను లక్షల్లో సేకరించింది. ఒక్కదాన్ని కూడా విడగొట్టే ప్రయత్నం చెయ్యలేదు. జతలు కట్టి గ.సా.కా. కట్టారు, అంతే. భద్రత కోసం ఈ సంఖ్యలు వాడే సర్వర్లలో దాదాపు రెండు వందలకు ఒకటి చొప్పున తాళం ఊడి చేతికొచ్చింది. ఇంకో పరిశోధక బృందం కూడా అదే ఏడాది, విడిగా, ఇదే కనిపెట్టింది.

ఎలా జరిగిందిది? ఆ దొరికినవాటిలో ఎక్కువ భాగం రౌటర్లు, ఫైర్‌వాల్‌ల వంటి చిన్న పరికరాలవి. పరికరాన్ని మొదటిసారి ఆన్ చేయగానే తన ప్రధాన సంఖ్యలను తానే యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. కానీ అప్పుడే కళ్లు తెరిచిన యంత్రానికి యాదృచ్ఛికత ఎక్కడినుంచి వస్తుంది? ఒకే తయారీ పరికరాల్లో కొన్ని ఒకేలా ఆలోచించి, ఒకే మొదటి ప్రధాన సంఖ్యను ఎంచుకున్నాయి. రెండోది ఎంచుకునేలోపు కాస్త తేడా వచ్చి, అది వేరువేరుగా పడింది. 83 ఇంటూ 97 ఒకరిది, 89 ఇంటూ 97 ఇంకొకరిది. విడివిడిగా చూస్తే రెండూ భద్రమే. పక్కపక్కన పెట్టిన క్షణంలో రెండూ బయటపడ్డాయి. మనం కాగితం మీద నాలుగు భాగహారాల్లో చేసింది కంప్యూటర్ వందల అంకెలకు చేసింది. 617 అంకెలకైనా లామే లెక్క ప్రకారం ఎంత సతాయించినా 3,085 భాగహారాలు మించవు, కంప్యూటర్‌కు అది రెప్పపాటు పని. లోపం బయటపడ్డాక తయారీదారులకు తెలియజేశారు, సరిదిద్దే పని మొదలైంది. రెండు వేల మూడొందల ఏళ్ల నాటి పద్ధతి ఇరవై ఒకటో శతాబ్దపు తాళాలను పరీక్షకు పెట్టింది.

ఇక్కడ మన కాన్పూర్ ఐఐటీని గర్వంగా తలుచుకోవాలి. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని చెప్పడం, దాన్ని విడగొట్టడం, ఇవి కూడా ఒకే పనిలా కనిపించే రెండు వేరు పనులు. కారణాంకం ఏదో చెప్పకుండానే, ఉందని మాత్రం చెప్పవచ్చు. ఏ సంఖ్యకైనా ఈ పరీక్షను అనుమానానికి తావు లేకుండా, నిరూపణ లేని ఏ ఊహ మీదా ఆధారపడకుండా, అంకెల సంఖ్యతో పోలిస్తే అదుపులో ఉండేంత సమయంలో చేసే పద్ధతిని 2002 ఆగస్టులో మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ప్రకటించారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రవాళ్లు. 2006లో ఆ ముగ్గురికీ గోడెల్ బహుమతి వచ్చింది. విడగొట్టే పనికి మాత్రం మామూలు కంప్యూటర్ల మీద అలాంటి సులువైన దారి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

చివరగా ఒక తెలుగు గణితవేత్త. మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు 1921లో గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసి, తర్వాత కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. జీవితమంతా సంఖ్యా సిద్ధాంతంలో గడిపి 2006లో కన్నుమూశారు. ఆయనకు ఇష్టమైన విషయాల్లో ఒకటి ఈ ఉమ్మడి కారణాంకాల చుట్టూ తిరిగేదే. 60 తీసుకోండి, ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాల చక్రం. దాని కారణాంకాల్లో 4 ఉంది. 60ని 4తో భాగిస్తే 15. 4కీ 15కీ ఉమ్మడి ఏమీ లేదు, కాబట్టి 4ను ఉంచుకుందాం. 2 కూడా కారణాంకమే, కానీ భాగిస్తే వచ్చే 30లో మళ్లీ 2 ఉంది, కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఇలా జల్లెడ పడితే 60ని మినహాయించి మిగిలేవి 1, 3, 4, 5, 12, 15, 20. కూడండి. సరిగ్గా 60 వస్తుంది!

ఇలా తనలోని ఈ ప్రత్యేక కారణాంకాల మొత్తానికి తానే సమానమయ్యే సంఖ్యల మీద సుబ్బారావు గారు, ఎల్.జె. వారెన్ కలిసి 1966లో వ్యాసం ప్రచురించారు. వాళ్లు చూపించినవి నాలుగు. 6, 60, 90, 87,360. అయిదోదాన్ని 1975లో ఛార్లెస్ వాల్ ప్రచురించాడు, దానికి 24 అంకెలున్నాయి. ఆరోది ఇప్పటికీ దొరకలేదు. ఇవి అంతులేకుండా ఉండవనీ, ఎక్కడో ఒకచోట ఆగిపోతాయనీ సుబ్బారావు గారు ఊహించారు. అది నిజమని ఎవరూ నిరూపించలేదు, కాదనీ చూపించలేదు. బేసి సంఖ్యల్లో మాత్రం ఇవి ఉండవని నిరూపణ ఉంది. వెతకాలనుకునేవాళ్లు సరిసంఖ్యల్లోనే వెతకాలి.